దుబాయ్ హాలిడే ఫ్లాట్: బ్రోచర్‌లో 8 శాతం, మీ చేతికి ఎంత?

ప్రశ్న: మాది విజయవాడ. నాకు 51 ఏళ్లు, మందుల హోల్‌సేల్ వ్యాపారం. నా భార్య ప్రభుత్వ స్కూల్లో టీచర్. నాన్నగారి పొలం అమ్మితే పన్ను పోను రూ.1.80 కోట్లు వచ్చాయి. ఈమధ్య ఒక హోటల్లో దుబాయ్ ప్రాపర్టీ ఎక్స్‌పో పెడితే వెళ్లాం. జుమేరా విలేజ్ సర్కిల్‌లో సింగిల్ బెడ్‌రూం ఫ్లాట్ 10 లక్షల దిర్హామ్‌లట. టూరిస్టులకు రోజువారీ అద్దెకిచ్చే పని కంపెనీయే చూసుకుంటుంది, మూడేళ్ల పాటు ఏటా 8 శాతం గ్యారంటీ, అక్కడ పన్ను లేదు అంటున్నారు. తక్కువ పడే డబ్బుకు ఇల్లు తనఖా పెట్టి లోన్ తీసుకుందామని ఉంది. టోకెన్ 20 వేల దిర్హామ్‌లు క్రెడిట్ కార్డు మీద కట్టేయమని, మిగతాది దుబాయ్‌లో ఉన్న మా బంధువు ద్వారా సర్దుబాటు చేసుకోవచ్చని ఏజెంటు సలహా. పాప బీటెక్ మూడో సంవత్సరం, ఎంఎస్‌కు పంపాలి. కొనమంటారా?

జవాబు: ముందు అర్జెంటు మాట. ఆ కార్డు గీకకండి. బంధువు ద్వారా సర్దుబాటు అనే మాట మళ్లీ ఎత్తనివ్వకండి.

మన దేశంలో ఉంటున్నవాళ్లు విదేశంలో ఇల్లు కొనాలంటే సాధారణంగా ఉన్న దారి రిజర్వ్ బ్యాంక్ ఎల్ఆర్ఎస్ పథకం, అంటే వ్యక్తులు ఒక పరిమితి దాకా విదేశాలకు డబ్బు పంపుకునే వీలు. ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్ల దాకా, సొంత డబ్బు, సొంత ఖాతా నుంచి, బ్యాంకులో ఏ2 అనే డిక్లరేషన్ ఫారం ఇచ్చి పంపాలి. క్రెడిట్ కార్డుతో విదేశాల్లో హోటల్ బిల్లు కట్టొచ్చు, షాపింగ్ చేయొచ్చు. ఆస్తి కొనడానికి అది పనికిరాదు. ఇక్కడ రూపాయలిస్తే అక్కడ బంధువు దిర్హామ్‌లు కట్టడమంటే హవాలాయే. విదేశీ మారక ద్రవ్య చట్టం ఫెమా కింద దానికి లావాదేవీ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా వేయొచ్చు. అదే చట్టం 37ఏ సెక్షన్ ప్రకారం అక్కడి ఆస్తి విలువకు సమానమైన మీ ఆస్తిని ఇక్కడే స్వాధీనం చేసుకునే అధికారం కూడా ఈడీకి ఉంది. ఏజెంటు కమీషన్ తీసుకుని వెళ్లిపోతాడు, నోటీసు మాత్రం మీ ఇంటికొస్తుంది.

ఇంటి మీద లోన్ సంగతీ అంతే. ఇలాంటి పెట్టుబడి కోసం విదేశాలకు పంపే డబ్బుకు బ్యాంకులు అప్పివ్వకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. ఇంకేదో అవసరం చూపించి లోన్ తీసుకుని ఆ డబ్బు పంపితే బ్యాంకుకు తప్పుడు డిక్లరేషన్ ఇచ్చినట్టే. కాబట్టి మీ చేతిలో ఉన్నది రూ.1.80 కోట్లు, అంతే అనుకుని లెక్క మొదలుపెడదాం.

దిర్హామ్‌ను రూ.24 అనుకుందాం. ఫ్లాట్ ధర 10 లక్షల దిర్హామ్‌లు. దాని మీద దుబాయ్ ల్యాండ్ డిపార్ట్‌మెంట్ రిజిస్ట్రేషన్ ఫీజు 4 శాతం, అంటే 40 వేలు. బ్రోకర్ ఉంటే మామూలుగా 2 శాతం, దాని మీద వ్యాట్. రిజిస్ట్రేషన్ పని చేసిపెట్టే ట్రస్టీ ఆఫీసు ఫీజు నాలుగు వేల పైచిలుకు. టూరిస్టులకివ్వాలంటే మంచాలు, సోఫా, టీవీ, వాషింగ్ మెషిన్ నుంచి చెంచాల దాకా మీరే పెట్టాలి. దానికి 50 వేలు వేద్దాం. మొత్తం దాదాపు 11.15 లక్షల దిర్హామ్‌లు, మన డబ్బులో రూ.2.68 కోట్లు.

ఇక్కడే ఇంకో గోడ ఉంది. 2.5 లక్షల డాలర్లంటే సుమారు 9.18 లక్షల దిర్హామ్‌లు. ఒక్కరి ఏడాది పరిమితి ఈ ఫ్లాట్‌కు చాలదు. భార్యాభర్తలిద్దరి పరిమితులూ కలపాలంటే రిజిస్ట్రేషన్‌లో ఇద్దరి పేర్లూ ఉండాలి. మీ శ్రీమతి ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి, ప్రవర్తనా నియమావళి ప్రకారం స్థిరాస్తి కొనేముందే శాఖకు తెలియజేయాలి, ఆస్తుల వివరాల్లోనూ చూపాలి. దీన్ని ఎక్స్‌పోలో ఎవరూ గుర్తు చేయరు. ఆవిడకు విచారణల టెన్షన్ పెట్టడం భావ్యం కాదు. డబ్బు మీదైతే, ఆవిడ వాటాకొచ్చే అద్దెను కూడా మీ ఆదాయంలోనే కలిపి పన్ను వేస్తారు.

ఆ తర్వాత టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను. ఆర్థిక సంవత్సరంలో ఒక్కొక్కరు పంపే మొత్తం రూ.10 లక్షలు దాటితే, దాటిన సొమ్ముపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ వసూలు చేస్తుంది. రూ.2.68 కోట్లు ఇద్దరూ కలిసి ఒకే ఏడాదిలో పంపితే టీసీఎస్ దాదాపు రూ.49.6 లక్షలు. ఇది పోయే డబ్బు కాదు. మీ అడ్వాన్స్ ట్యాక్స్‌లో సర్దుకోవచ్చు, మీ శ్రీమతి జీతంలో కోసే టీడీఎస్‌లో చూపించుకోవచ్చు, మిగిలింది రిటర్న్ వేశాక రీఫండ్ వస్తుంది. కానీ అంతదాకా దాదాపు అరకోటి ఇరుక్కుపోతుంది. అంటే మొదటి రోజున మీ ఖాతాల్లో ఉండాల్సింది రూ.3.17 కోట్లు. మీ 1.80 కోట్లకు లోన్ కోటి కలిపినా అందదు.

ఇది చెబితే ఏజెంటు వెంటనే చిన్న స్టూడియో చూపిస్తాడు, లేదా వాయిదాలున్న కొత్త ప్రాజెక్టు చూపిస్తాడు. ఫ్లాట్ చేతికొచ్చాక కూడా ఏళ్ల తరబడి కట్టే వాయిదాలు బిల్డర్ ఇచ్చిన అప్పు కిందికే వస్తాయన్న వాదన బలంగా ఉంది. అలాంటి స్కీమ్ జోలికి వెళ్లొద్దు. స్టూడియో మాట వస్తుంది కాబట్టి, కొనగలిగినా లాభమా అన్నది చూద్దాం.

రాత్రికి సగటున 400 దిర్హామ్‌లు, ఏడాదిలో 65 శాతం రోజులు బుక్ అయ్యాయనుకుందాం. 237 రాత్రులు, దాదాపు 94,900 దిర్హామ్‌లు. దీన్ని చూసే ధర మీద 9 శాతానికి పైగా అంటారు. ఇప్పుడు కోతలు చూడండి. నడిపే కంపెనీకి 20 శాతం, అంటే 19 వేలు. బుకింగ్ సైట్ల కమీషన్ 15 శాతం, మరో 14 వేలు. బిల్డింగ్ సర్వీస్ ఛార్జ్, మన అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లాంటిదే కానీ చదరపు అడుగుకింత అని ఏడాది లెక్కన కడతారు. 750 అడుగులకు 15 దిర్హామ్‌ల చొప్పున 11,250. కరెంటు, నీళ్లు, ఏసీ చల్లదనం, ఇంటర్నెట్ 12 వేలు. రిపేర్లు, ఇన్సూరెన్స్, పర్మిట్ ఖర్చులు 5 వేలు. అన్నీ పోగా మిగిలేది 33 వేల చిల్లర. మీరు పెట్టిన 11.15 లక్షల మీద 3 శాతం.

సగటులో కనపడనిది నెలవారీ స్టేట్‌మెంట్‌లో కనపడుతుంది. దుబాయ్‌కి టూరిస్టులు బాగా వచ్చేది నవంబరు నుంచి మార్చి దాకా. జులైలో ఎండ 40 డిగ్రీలు దాటి ఉంటుంది. ఆ నెల స్టేట్‌మెంట్ ఇలా ఉండొచ్చు: 11 రాత్రులు, రాత్రికి 280, వచ్చింది 3,080. రెండు కమీషన్లూ కలిపి 1,078. ఏసీ ఆపకుండా నడిచింది కాబట్టి బిల్లులు 1,200. మిగిలింది 802. ఆ నెల సర్వీస్ ఛార్జ్ వాటా 937. అంటే జులైలో మీరే 135 దిర్హామ్‌లు ఎదురు కట్టినట్టు.

అదే ఫ్లాట్‌ను మామూలుగా ఒక కుటుంబానికి ఏడాది లీజుకు 70 వేలకు ఇచ్చారనుకోండి. కరెంటు, నీళ్ల బిల్లు అద్దెకున్నవాళ్లదే. సర్వీస్ ఛార్జ్, చూసుకునేవాళ్ల ఫీజు, చిన్న రిపేర్లు పోగా 52 వేలు మిగులుతాయి. సుమారు 4.7 శాతం. ఫర్నిచర్ ఖర్చూ తప్పుతుంది. నేను వేసిన అంకెలతో హాలిడే రెంటల్ కన్నా మామూలు అద్దే ఎక్కువ మిగిల్చింది. రేటు 500కు, ఆక్యుపెన్సీ 80 శాతానికి పెరిగితే హాలిడే రెంటల్ 6 శాతం దాకా వెళ్తుంది, అదీ నిజమే. కానీ జుమేరా విలేజ్ సర్కిల్‌లో కొత్త టవర్లు లేస్తూనే ఉన్నాయి, ప్రతి టవర్‌లోనూ మీలాగే సింగిల్ బెడ్‌రూం కొని టూరిస్టులకు ఇద్దామనుకునేవాళ్లు ఉన్నారు. నేనైతే 80 శాతం మీద ఆధారపడి సంతకం పెట్టను.

‘అక్కడ పన్ను లేదు’ అన్న మాట అక్కడివాళ్లకు వర్తిస్తుంది. మీరు ఇండియాలో రెసిడెంట్. ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ పన్ను కట్టాలి. మీరు 30 శాతం శ్లాబులో ఉన్నారనుకుంటే సెస్‌తో కలిపి 31.2 శాతం. లీజుకిస్తే అద్దెలో 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది, పన్ను పోగా 3.3 శాతం దాకా మిగులుతుంది. హాలిడే రెంటల్ అయితే హోటల్‌లా సేవలు కూడా ఉంటాయి కాబట్టి వ్యాపార ఆదాయంగా చూసే అవకాశం ఎక్కువ. ఖర్చులు తీసేసుకోవచ్చు కానీ చివరికి చేతికొచ్చేది 2 శాతం చుట్టూనే. పక్క వీధి బ్యాంకులో ఎఫ్‌డీ కూడా పన్ను పోను ఇంతకన్నా ఎక్కువిస్తుంది.

రిటర్న్‌లో విదేశీ ఆస్తుల పట్టిక అయిన షెడ్యూల్ ఎఫ్ఏలో ఏటా ఈ ఆస్తిని చూపాలి. చూపకపోతే నల్లధనం చట్టం కింద రూ.10 లక్షల జరిమానా వేయొచ్చు. రూ.20 లక్షల లోపు విదేశీ ఆస్తులకు 2024 అక్టోబరు నుంచి మినహాయింపు ఇచ్చారు కానీ అది స్థిరాస్తికి వర్తించదు.

మరి 8 శాతం గ్యారంటీ? మూడేళ్లకు 2.4 లక్షల దిర్హామ్‌లు. మామూలుగా 3 నుంచి 5 శాతం మిగిలే ఫ్లాట్ మీద కంపెనీ 8 ఎలా ఇస్తుంది? ధరలోనే ముందు కలిపి ఉండొచ్చు. తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ల్యాండ్ డిపార్ట్‌మెంట్ వాళ్ల ‘దుబాయ్ రెస్ట్’ యాప్‌లో ఆ చుట్టుపక్కల ఇటీవలి అమ్మకాల ధరలు చూడండి. పక్క బిల్డింగ్‌లో అలాంటి ఫ్లాటే 8 లక్షలకు అమ్ముడైతే, మీ డబ్బే మీకు వాయిదాల్లో తిరిగిస్తున్నారని అర్థం. నాలుగో ఏడు నుంచి ఆ వాయిదా ఆగిపోతుంది, ఫ్లాట్ మాత్రం 10 లక్షలకు కొన్నదే. ఆ 8 శాతం సర్వీస్ ఛార్జ్ కట్టకముందా, కట్టాకా అన్నది కూడా రాతపూర్వకంగా అడగండి. నోటిమాట వద్దు.

దుబాయ్ వైపు ఉన్న మంచి కూడా చెప్పాలి. దిర్హామ్ 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర స్థిరంగా ఉంది. డాలరు 2005లో దాదాపు రూ.44, 2015లో దాదాపు రూ.64, నేను వేసిన లెక్కలో రూ.88. అంటే ఏటా 3 శాతం పైన రూపాయి తగ్గుదల మీకు కలిసొస్తుంది. కొత్త ప్రాజెక్టుల్లో కొనేవాళ్ల డబ్బు బిల్డర్ ఇష్టానికి తీసుకోలేని ఎస్క్రో ఖాతాలోనే వేయాలని 2007లోనే చట్టం తెచ్చారు. ఆ విషయంలో మన దగ్గర చాలా బిల్డర్ల కన్నా పద్ధతిగా ఉంటుంది. ధరల సంగతి వేరు. 2008 చివర్లో మొదలైన పతనంలో దాదాపు సగానికి పడ్డాయి. 2014 నుంచి 2020 దాకా మెల్లగా జారుతూ వచ్చాయి. 2021 నుంచి బాగా పెరిగాయి. ఎక్స్‌పోలో చూపే గ్రాఫ్ ఎప్పుడూ ఈ చివరి ముక్కతోనే మొదలవుతుంది. అక్కడ దీర్ఘకాలం ఉండనిచ్చే గోల్డెన్ వీసా మాట కూడా ఎత్తి ఉంటారు. దానికి కనీసం 20 లక్షల దిర్హామ్‌ల ఆస్తి కావాలి, మీది అందులో సగం.

దుబాయ్‌లో ఇల్లు కొనడమే తప్పని నేను అనను. అక్కడే ఉద్యోగం చేస్తూ అక్కడి జీతంతో కొనుక్కునే గోదావరి జిల్లాల, కరీంనగర్ వాళ్ల లెక్క పూర్తిగా వేరు. వాళ్లకు ఎల్ఆర్ఎస్ లేదు, టీసీఎస్ లేదు, ఎన్ఆర్ఐగా ఉన్నంతకాలం ఆ అద్దె మీద ఇక్కడ పన్ను లేదు, ఏసీ పాడైతే వెళ్లి చూసుకునే దూరంలో ఉంటారు. మీ బంధువు తన డబ్బుతో తన పేరున కొంటే నేను వద్దనను. ఇక్కడివాళ్లలో కూడా ఈ ఫ్లాట్ మొత్తం ఆస్తిలో ఆరో వంతో ఏడో వంతో అయితే, ఏడాది లీజుకిచ్చే ఉద్దేశంతో కట్టేసి ఉన్న బిల్డింగ్‌లో కొనొచ్చు. అప్పుడు కూడా అక్కడి ఆర్థిక కేంద్రం డీఐఎఫ్‌సీలో వీలునామా రిజిస్టర్ చేయించుకోవాలి, లేకపోతే మీ తర్వాత పిల్లలు అక్కడి కోర్టుల చుట్టూ తిరగాలి.

మీ విషయంలో నా జవాబు, ఇప్పుడు కొనొద్దు. ఈ 1.80 కోట్లు మీ నాన్నగారి పొలం డబ్బు. మళ్లీ ఇంత మొత్తం ఒకేసారి చేతికి రాదు. పాప ఎంఎస్ రెండేళ్లలోపే ఉంది. రెండేళ్లలో కావాల్సిన డబ్బును, అమ్మడానికి నెలలు పట్టే ఫ్లాట్‌లో పెట్టకూడదు. చదువుకు మీరు అనుకుంటున్న మొత్తాన్ని, రూపాయి పడుతుంది కాబట్టి కొంచెం ఎక్కువే వేసుకుని, ఇవాళే విడిగా ఎఫ్‌డీల్లో పెట్టండి. ఒక్క బ్యాంకులోనే వద్దు. డిపాజిట్ ఇన్సూరెన్స్ ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి రూ.5 లక్షల దాకానే. డాలరు పెరుగుదల మీకు కావాలంటే, మిగిలిన దాంట్లో ఐదో వంతు దాకా గుజరాత్‌లోని ఆర్థిక కేంద్రం గిఫ్ట్ సిటీలో ఉన్న విదేశీ ఫండ్లలో పెట్టొచ్చు. అదీ ఎల్ఆర్ఎస్ కిందే వస్తుంది, కానీ ఏడాదికి రూ.10 లక్షల లోపు పంపుకుంటే టీసీఎస్ పడదు. మిగతాది ఏడాదిన్నర, రెండేళ్లలో నెలనెలా, షేర్ మార్కెట్ సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్లలోకి మార్చుకుంటూ వెళ్లండి. వ్యాపారంలో ఉన్నారు కాబట్టి ఆరు నెలల ఖర్చు ఎప్పుడూ చేతికందేలా ఉంచుకోండి.

ఇంత చెప్పాక కూడా ఆ ఫ్లాట్ మనసులోంచి పోకపోతే, పాప చదువు అయ్యాక ఒకసారి ఆగస్టులో దుబాయ్ వెళ్లండి. ఆ బిల్డింగ్‌లోనే నాలుగు రాత్రులు అద్దెకు దిగండి. ఎంత కట్టారో రాసుకోండి, ఆ రోజుకు అదే బిల్డింగ్‌లో ఇంకెన్ని ఫ్లాట్లు సైట్లలో ఖాళీగా కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి. కంపెనీని ఇంకో ఓనర్‌కు పంపిన 12 నెలల స్టేట్‌మెంట్లు, పేరు తీసేసి, చూపించమని అడగండి. అవి దొరికితే నాకు పంపండి, కూర్చుని లెక్క వేద్దాం.