ఆప్రికాట్ చికెన్ అడిగావుగా, కూర్చుని రాస్తున్నా

చిట్టితల్లీ,

మొన్న ఫోన్లో అడిగావు గానీ మీ పెదనాన్న పక్కనుంచి ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు, సగం చెప్పి సగం మింగేశాను, పెట్టేశాక గుర్తొచ్చింది అసలు ముఖ్యమైన ముక్కే చెప్పలేదని. అందుకే ఇలా రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు. థాంక్స్‌గివింగ్‌కి ఆఫీసు వాళ్లని ఇంటికి పిలవడం నీకు ఇదే మొదటిసారి, టర్కీ జోలికి వెళ్లనన్నావు, మంచి పని చేశావు. ఆరుగురికి అంత పక్షి ఎందుకు, అది ఫ్రీజర్‌లోంచి తీసి కరగడానికే మూడు నాలుగు రోజులు పడుతుంది. చికెన్ చెయ్యి, అందరూ తింటారు.

ముందు ఆ ముఖ్యమైన ముక్క చెప్పేస్తా. మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు ఏంటంటే మసాలా అంతా ముందే పట్టించేసి రాత్రంతా ఊరబెట్టడం. ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి, పెరుగు, అన్నీ ఒకేసారి. కూరకి అది సరే. ఈ వంటకి మాత్రం తీపి ఉన్నదేదీ మొదట్లో చికెన్‌కి తగలకూడదు, చివరి పదిహేను నిమిషాల్లోనే తగలాలి. 1998లో మేం కాలిఫోర్నియాలో ఈ సన్నీవేల్ వచ్చిన కొత్తలో మీ పెదనాన్న ఆఫీసు వాళ్లు ఐదుగురు భోజనానికి వచ్చారు, నేను మొత్తం కోడికి జామ్, వెల్లుల్లి, ఉప్పు దట్టంగా పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున గంటన్నర ఓవెన్‌లో ఉంచాను. ఇల్లంతా పొగ, అలారం మోగుతూనే ఉంది, పైన బొగ్గులా నల్లగా అయిపోయింది, కోస్తే ఎముక దగ్గర ఇంకా ఎర్రగానే ఉంది. ఆ రోజు బయటినుంచి పిజ్జా తెప్పించాం. వచ్చినవాళ్లు ఏమీ అనలేదు గానీ నాకు చాలా రోజులు మనసులో ఉండిపోయింది, నీకు అలా జరగకూడదని ఇంత వివరంగా చెప్తున్నా.

అలా ఎందుకవుతుందంటే, చికెన్ లోపలిదాకా ఉడకడానికి ముప్పావు గంట కావాలి, జామ్ రంగు రావడానికి పది నిమిషాలు చాలు. పైగా పండ్లలో ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెర మామూలు పంచదార కంటే తక్కువ వేడికే మాడుతుంది, పంచదార 160 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర రంగు మారితే ఇది 110 దగ్గరే మొదలెడుతుంది. రెండింటినీ ఒకేసారి పొయ్యెక్కిస్తే ఒకటి మాడి ఒకటి పచ్చిగా ఉండటం తప్పదు.

ఇప్పుడు చికెన్ కొనడం. బ్రెస్ట్ వద్దు, ఎండిపోతుంది. తొడ ముక్కలు, ఎముక, స్కిన్ రెండూ ఉన్నవి తీసుకో. ఆరుగురికి పది ముక్కలు, నాలుగు పౌండ్ల దాకా వస్తాయి, మన లెక్కలో కేజీ ఎనిమిది వందలు. హలాల్ షాపులో కొంటే వాళ్లు మనవాళ్ల అలవాటు తెలిసి స్కిన్ తీసేసి కూర ముక్కలు కొట్టేస్తారు, ముందే చెప్పు స్కిన్ ఉంచమని. సూపర్ మార్కెట్లో ప్యాకెట్ అయితే లేబుల్ చదువు, కొన్నిటికి ఉప్పు నీళ్లు ఎక్కించి అమ్ముతారు, అలాంటిదైతే నువ్వు వేసే ఉప్పు సగానికి తగ్గించాలి. ఎయిర్ చిల్డ్, అంటే నీళ్లలో కాకుండా చల్లగాలితో చల్లబరిచినది అని రాసి ఉంటే ఒకటి రెండు డాలర్లు ఎక్కువైనా అదే తీసుకో, నీళ్లు తక్కువుంటాయి, స్కిన్ బాగా వేగుతుంది.

మీ అమ్మ పసుపు ఉప్పు వేసి నాలుగు నీళ్లు కడిగితే గానీ చికెన్ ముట్టుకోదు, నాకు తెలుసు, నేనూ అలాగే పెరిగాను. ఇక్కడ మాత్రం కడగొద్దు. సింకు చుట్టూ ఆ నీళ్లు చిందితే క్రిములు అన్నిటికీ అంటుకుంటాయి, వాటిని చంపేది ఓవెన్ వేడి గానీ కుళాయి నీళ్లు కాదు. తడి ఉన్న స్కిన్ ఎర్రగా వేగదు కూడా. పేపర్ టవల్‌తో గట్టిగా అద్ది తుడువు, అంతే.

థాంక్స్‌గివింగ్ గురువారం కాబట్టి బుధవారం రాత్రే ఉప్పు పట్టించు. నాలుగు పౌండ్లకి మామూలు సన్న ఉప్పు అయితే రెండు టీస్పూన్లు, డైమండ్ క్రిస్టల్ కోషర్ ఉప్పు అయితే నాలుగు. ఈ తేడా మర్చిపోకు, కోషర్ ఉప్పు గుల్లగా ఉంటుంది కాబట్టి స్పూనుకి తక్కువ పడుతుంది, ఒకదాని కొలత ఇంకోదానికి వాడితే నోట్లో పెట్టుకోలేం. ఉప్పుతో పాటు ఒక టీస్పూను మిరియాల పొడి, అంతకుమించి ఏమీ వద్దు. ముక్కల్ని స్కిన్ పైకి ఉండేలా ట్రేలో పేర్చి మూత లేకుండా ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టు. పొద్దున్నకి స్కిన్ కాగితంలా ఆరిపోయి ఉంటుంది, చూసి భయపడకు, మనకి కావాల్సింది అదే.

ఇక గ్లేజ్, అంటే చివర్లో పైన పూసే మెరిసే తీపి పూత. నేను ఆప్రికాట్ ఎందుకు పట్టుకున్నానంటే, మా ఊళ్లో కమ్యూనిటీ సెంటర్ పక్కన పాత ఆప్రికాట్ తోట ఒకటి అలాగే ఉంచారు, సిలికాన్ వ్యాలీ అనే ఈ లోయంతా కంప్యూటర్ కంపెనీలు రాకముందు ఇలాంటి తోటలేనట. బ్లెన్‌హైమ్ అనే రకం, జూన్ చివర్లో పండుతుంది, చిన్న కాయే గానీ తీపి పులుపు రెండూ గట్టిగా ఉంటాయి. మొదటిసారి తిన్నప్పుడు నాకు మలక్‌పేటలో ఉన్నప్పటి ఖుబానీ మీఠా గుర్తొచ్చింది. బేగంబజార్‌లో ఎండు ఖుబానీ కొని నానబెట్టి, గింజలు పగలగొట్టి లోపలి పప్పు పైన చల్లేవాళ్లం కదా, అదే పండు. నవంబర్లో తాజాది దొరకదు నీకు, జామ్‌తోనో ఎండువాటితోనో చేసుకోవాలి.

జామ్ అయితే ఆప్రికాట్ ప్రిజర్వ్స్ అని ఉంటుంది, వెనక చూడు, మొదటి పేరు ఆప్రికాట్ అని ఉన్నది తీసుకో, కార్న్ సిరప్ మొదట్లో ఉంటే వద్దు, ఉత్త తీపే తప్ప పండు రుచి ఉండదు. ముప్పావు కప్పు జామ్, మూడు టేబుల్ స్పూన్ల యాపిల్ సైడర్ వెనిగర్, ఒకటిన్నర టేబుల్ స్పూను డిజాన్ ఆవపిండి అంటే ఆ సీసాలో వచ్చే మెత్తటి ఆవముద్ద, ఒకటిన్నర సోయా సాస్, సన్నగా తరిగిన మూడు వెల్లుల్లి రెబ్బలు, అర టీస్పూను చిల్లీ ఫ్లేక్స్. చిన్న గిన్నెలో సన్న సెగ మీద ఏడెనిమిది నిమిషాలు. పాకం ఎక్కడ ఆపాలో నీకు ఇంట్లో చూసిన చూపు ఉంది కదా, అరిసెలకి వేసే పాకం దాకా వెళ్లకూడదు, తీగ పాకం కూడా ముదిరినట్టే, దానికంటే ముందు లేత పాకంలో వేలికి జిగురుగా తగిలినప్పుడే దించెయ్యి, చల్లారితే ఇంకా చిక్కబడుతుంది. దించాక ఒక టేబుల్ స్పూను వెన్న కలుపు. ఎండు ఆప్రికాట్లతో చెయ్యాలంటే 100 గ్రాములు వేడినీళ్లలో అరగంట నానబెట్టి అదే నీళ్లతో మెత్తగా ఉడికించి మిక్సీ వేసి, రెండు స్పూన్ల తేనె కలిపి జామ్ బదులు వాడు. నాకు ఇదే ఎక్కువ ఇష్టం, పులుపు బాగా తెలుస్తుంది. మెరిసే నారింజ రంగు ఎండు పండ్లకి సల్ఫర్ డయాక్సైడ్ పట్టించి ఉంటుంది, ఆస్తమా ఉన్నవాళ్లకి అది పడకపోవచ్చు, వచ్చేవాళ్లలో ఒకబ్బాయికి ఆస్తమా అన్నావు కదా, అతని కోసం గోధుమ రంగులో ఉండే అన్‌సల్ఫర్డ్ వెతుకు.

రుచి చూసేటప్పుడు ఒక మాట. గ్లేజ్ ఒక్కటే నాలుక మీద పెట్టుకుంటే పులుపు, ఉప్పు కాస్త ఎక్కువగా అనిపించాలి. పులిహోర పులుసు ఎలా చూస్తాం, గిన్నెలో ఉన్నప్పుడు ఘాటుగా ఉంటేనే అన్నంలో కలిశాక సరిపోతుంది, ఇదీ అంతే. గిన్నెలోనే తియ్యగా కమ్మగా ఉందంటే ప్లేట్లోకి వచ్చాక స్వీటు తిన్నట్టు ఉంటుంది, అప్పుడే మనవాళ్లు మాంసంలో తీపేంటి అని మొహం పెడతారు. మీ అమ్మ కూడా అలాగే అంది మొదట్లో. మా పక్కింటి ఇరానీ ఆవిడ మాత్రం వాళ్ల ఇంట్లో మాంసంలో ఆల్‌బుఖారా అంటే ఎండు ప్లమ్ పండ్లు, ఆప్రికాట్లు వెయ్యడం తరతరాలుగా ఉందని చెప్పి ఒక గిన్నె ఇచ్చింది, నిమ్మ పులుపుతో ఎంత బాగుందో, ఆవిడ దగ్గరే నాకు పులుపు ఎంత పడాలో అర్థమైంది. మనమూ గోంగూరలో, పచ్చి మామిడికాయలో కోడి వండుకునేవాళ్లమే కదా, పులుపు మనకి కొత్త కాదు, దాని పక్కకి తీపి రావడమే కొత్త.

ఆకులు, అంటే హెర్బ్స్. థైమ్, రోజ్‌మేరీ రెండు చాలు. థైమ్ వేళ్లతో నలిపి వాసన చూడు, వాము గుర్తొస్తుంది, ఎందుకంటే రెండిట్లోనూ థైమాల్ అనే నూనె పదార్థమే ఉంది. అందుకే మన నోటికి అది వెంటనే పట్టుకుంటుంది. కాడని పైన పట్టుకుని కిందికి దూస్తే ఆకులు రాలిపోతాయి, తరిగే పని లేదు. రెండు టీస్పూన్లు వెయ్యి. రోజ్‌మేరీ ఘాటు, సన్నగా తరిగి ఒక్క టీస్పూనే, ఎక్కువైతే మందు వాసన వస్తుంది. ఈ గట్టి ఆకులు వేడికి తట్టుకుంటాయి, గ్లేజ్ ఉడికేటప్పుడే వెయ్యి. కొత్తిమీర, పుదీనా, బేసిల్ లాంటి మెత్తటివి వాడాలనిపిస్తే వడ్డించే ముందు పచ్చిగా చల్లాలి, ఓవెన్‌లో పెడితే నల్లబడి గడ్డి రుచి వస్తుంది.

గ్లేజ్ అవ్వగానే రెండు గిన్నెల్లోకి విడగొట్టు, ఒకటి బ్రష్‌తో పూయడానికి, ఒకటి టేబుల్ మీదకి. బ్రష్ చికెన్‌కి తగిలి మళ్లీ గిన్నెలో మునుగుతుంది కాబట్టి ఆ గిన్నెలో మిగిలింది పారెయ్యాల్సిందే, ఎంత మిగిలినా సరే.

గురువారం చికెన్‌ని వండే ముందు అరగంట బయట పెట్టు. ఓవెన్ 425 ఫారన్‌హీట్, ఫ్యాన్ తిరిగే కన్వెక్షన్ అయితే 400. ట్రేకి ఫాయిల్ పరిచి, పైన జాలీ స్టాండు పెట్టి, ముక్కలకి పల్చగా నూనె రాసి స్కిన్ పైకి ఉండేలా పేర్చు, ఒకదానికొకటి ఆనకూడదు, ఆనితే ఆవిరికి ఉడుకుతాయి తప్ప వేగవు. ముప్పై నిమిషాలు తలుపు తియ్యకు. తర్వాత ముక్క మందంగా ఉన్నచోట ఎముకకి తగలకుండా థర్మామీటర్ గుచ్చు, 165 వచ్చిందంటే ప్రమాదం దాటినట్టు. తొడ ముక్క మాత్రం అక్కడ రబ్బరులాగే ఉంటుంది, 180 దాకా వెళ్తేనే మెత్తబడుతుంది, బ్రెస్ట్ అయితే ఈపాటికి పీచు అయిపోయేది. ఆ 165 నుంచి 180 మధ్యలోనే గ్లేజ్ పని. ఒక పూత పూసి ఐదు నిమిషాలు, బయటికి తీసి ఇంకో పూత, మళ్లీ ఐదారు నిమిషాలు. అంచులు అక్కడక్కడా ముదురు రంగులోకి తిరిగి మెరుస్తుంటే అయినట్టే. ఇంకా రంగు కావాలంటే బ్రాయిలర్, అంటే ఓవెన్‌లో పైనుంచి వచ్చే వేడి, రెండు నిమిషాలు వెయ్యచ్చు, వేస్తే మాత్రం అక్కడినుంచి కదలకు, ఎవరు బెల్ కొట్టినా సరే ఇంకెవరినైనా పంపు. తీశాక పది నిమిషాలు వదిలెయ్యి, గ్లేజ్ పట్టుకుంటుంది, రసం లోపలే ఉంటుంది.

ఆప్రికాట్ దొరక్కపోతే పీచ్ జామ్, ఆరెంజ్ మార్మలేడ్ ఏదైనా పర్లేదు, మార్మలేడ్ చేదుగా ఉంటుంది కాబట్టి వెనిగర్ ఒక స్పూను తగ్గించు. పైనాపిల్ మాత్రం పచ్చిది వద్దు. అందులో బ్రోమెలైన్ అని ఉంటుంది, మనం మటన్‌కి పచ్చి బొప్పాయి రాస్తాం చూడు అలాంటిదే, చికెన్ లాంటి లేత మాంసాన్ని కాసేపట్లో పిండిలా చేసేస్తుంది. ఉడికించినదీ, డబ్బాలో వచ్చేదీ అయితే ఆ గుణం పోతుంది. వేసవిలో మీ అమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు బంగినపల్లి గుజ్జు, అల్లం, నిమ్మరసం, పచ్చిమిర్చితో ఇదే చెయ్యి, చివర్లో పుదీనా చల్లు. అక్కడ ఓటీజీ చిన్నది కాబట్టి 200 సెంటీగ్రేడ్‌లో ఒక్కసారికి నాలుగు ముక్కలే పెట్టు. స్కిన్‌లెస్సే దొరికితే ఓవెన్ మానేసి బాణలిలో వేయించి, మూత పెట్టి మగ్గించి, ఆఖర్లో సెగ పెంచి గ్లేజ్ పోసి రెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పితే చక్కగా పట్టుకుంటుంది.

వచ్చేవాళ్లలో ఉన్న వెజిటేరియన్ అమ్మాయి కోసం క్యారెట్లు, చిలగడదుంపలు వేరే ట్రేలో, టేబుల్ గిన్నెలోంచి గ్లేజ్ తీసి చివర్లో పూసి పెట్టు, చికెన్ బ్రష్ అటు రానివ్వకు. పక్కన నిమ్మరసం పిండిన సలాడ్ ఒకటి తప్పకుండా ఉండాలి. మనకోసం అయితే వేడి అన్నం, మిరియాల చారుతో నేను తింటాను, చాలా బాగుంటుంది, నువ్వు మర్నాడు చేసుకో. మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టెయ్యి, మూడు నాలుగు రోజులు ఉంటుంది, మైక్రోవేవ్‌లో కాకుండా ఓవెన్‌లో వేడి చేస్తే స్కిన్ మళ్లీ బాగుంటుంది.

థర్మామీటర్ నీ దగ్గర లేదన్నావుగా, ఆన్‌లైన్లో ఒకటి ఆర్డర్ పెట్టాను, మంగళవారానికి వస్తుంది. వచ్చాక మరిగే నీళ్లలో ముంచి చూడు, 212 దగ్గర చూపించాలి, తేడా ఉంటే నాకు ఫోన్ చెయ్యి. గురువారం నేను పొద్దున్నుంచి ఇంట్లోనే ఉంటా, ఓవెన్ ముందు నిలబడి వీడియో కాల్ చేసినా ఎత్తుతాను.

మీ పెద్దమ్మ