రెండు మోకాళ్లూ ఒకేసారి మార్చేస్తామంటున్నారు, చేయించమంటారా?

ప్రశ్న: మా అమ్మ వయసు 61, బరువు 78 కిలోలు. షుగర్, బీపీ ఉన్నాయి. మూడేళ్లుగా మోకాళ్ల నొప్పులు. ఎక్స్‌రే చూసి గ్రేడ్ 3 అరుగుదల అన్నారు. ఒక ఆసుపత్రిలో రెండూ ఒకేసారి మార్చేద్దాం, ఈ నెలలో అయితే ప్యాకేజీ తగ్గిస్తాం అన్నారు. ఇంకోచోట గుజ్జు ఇంజెక్షన్లు చాలన్నారు. ప్రస్తుతం ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చిన నొప్పి బిళ్లలతో నెట్టుకొస్తోంది. వంట చేసుకుంటుంది, బజారుకి నడిచి వెళ్తుంది, కానీ మెట్లు దిగాలన్నా, కింద కూర్చుని లేవాలన్నా ప్రాణం పోతోందంటుంది. ఏం చేయమంటారు? – ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు ఆ ప్యాకేజీ సంగతి మర్చిపోండి. అరిగిన మోకాలిని ఈ నెల మార్చకపోతే వచ్చే నెలకి కొంపలేమీ మునగవు. గడువు పెట్టి తొందరపెడుతున్నారంటే, ఇంకో డాక్టర్‌కి చూపించకుండా అడ్వాన్స్ కట్టకండి.

ఎక్స్‌రేలో అరుగుదలని నాలుగు గ్రేడ్ల దాకా లెక్కేస్తారు, 4 అంటే బాగా అరిగినట్టు. గ్రేడ్ 3 అనగానే ఇంటిల్లిపాదీ కంగారు పడిపోతారు. ఎక్స్‌రేలో గ్రేడ్ 4 ఉండి కూడా హాయిగా గుడి చుట్టూ ప్రదక్షిణలు చేసేవాళ్లున్నారు, గ్రేడ్ 2కే రాత్రిళ్లు నిద్రపట్టక కుమిలిపోయేవాళ్లూ ఉన్నారు. అందుకే నేను ఫిల్మ్ చూసేముందు ఎంతదూరం నడవగలరు, నొప్పికి రాత్రి మెలకువ వస్తోందా, ఏ పని మానేశారు అని అడుగుతాను. బజారుకి నడిచి వెళ్తుందని మీరు రాసిన ఆ ఒక్క మాట నాకు గ్రేడ్ కంటే ఎక్కువ చెప్పింది. ఇంకో సంగతి, ఎక్స్‌రే నిలబెట్టి తీశారా, పడుకోబెట్టి తీశారా? పడుకోబెడితే ఎముకల మధ్య సందు ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. తుంటిని కూడా అటూఇటూ తిప్పి చూడాలి, ఎందుకంటే తుంటి కీలు పాడైనా కొందరికి నొప్పి మోకాల్లోనే తెలుస్తుంది. మీ అమ్మగారిని చూసిన డాక్టర్లు మోకాలిని చేత్తో పట్టుకుని చూశారో లేదో మీరు రాయలేదు, చూడకుండా ఆపరేషన్ అన్నారంటే మాత్రం నాకు నచ్చదు.

నా సలహా, మూడు నెలలు గట్టిగా వ్యాయామం చేయించండి. "ఫిజియోథెరపీ చేశాం, తగ్గలేదు" అనేవాళ్లని అడిగితే చాలామంది కరెంటు పెట్టించుకుని, వేడి కాపడం పెట్టించుకుని వచ్చేసినవాళ్లే. అది ఉపశమనమే తప్ప వ్యాయామం కాదు. కావాల్సింది తొడ ముందు కండకి బలం. మంచం మీద కాళ్లు చాపి కూర్చోబెట్టి, మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టండి. దాన్ని మోకాలితో కిందికి నొక్కి అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి, ఒక్కో కాలికి పదిసార్లు. అప్పుడు తొడ మీద చెయ్యి వేసి చూస్తే కండ రాయిలా బిగుసుకోవాలి, బిగుసుకోకపోతే సరిగ్గా చేయనట్టే. తర్వాత వెల్లకిలా పడుకుని, ఒక కాలు మడిచి, రెండోదాన్ని నిటారుగా ఒక జానెడు పైకెత్తి ఆపాలి. పొద్దున, సాయంత్రం. మొదటి రెండు వారాలు కాస్త నొప్పిగా ఉంటుంది, అక్కడే అందరూ మానేస్తారు.

బరువు ఒక కిలో తగ్గితే నడిచేటప్పుడు ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుంది. అయిదారు కిలోలు తగ్గించగలిగితే తేడా ఆవిడకే తెలుస్తుంది. రాత్రి అన్నం సగానికి తగ్గించి కూర పెంచితే షుగర్‌కీ మంచిదే. కూరగాయలు టేబుల్ మీద తరగమనండి, పూజకి ఎత్తు పీట వేయండి, ఇంట్లో వెస్ట్రన్ కమోడ్ లేకపోతే ఇంజెక్షన్లకి పెట్టే డబ్బుతో ముందు అది కట్టించండి. మెట్లు ఎక్కేటప్పుడు నొప్పి తక్కువున్న కాలు ముందు, దిగేటప్పుడు ఎక్కువున్న కాలు ముందు. కర్ర వాడితే నొప్పి ఎక్కువున్న కాలికి అవతలి వైపు చేత్తో పట్టుకోవాలి, సినిమాల్లో చూపించేది తప్పు.

గుజ్జు ఇంజెక్షన్లంటే కీలులోకి ఎక్కించే జిగురులాంటి మందు, దానివల్ల అరిగిన గుజ్జు తిరిగి రాదు. కొందరికి కొన్నాళ్లు హాయిగా ఉంటుంది, చాలామందికి పెద్ద తేడా ఉండదు, ధర మాత్రం ఉంటుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు బాగా పనిచేస్తుంది కానీ షుగర్ కొన్ని రోజులు పెరుగుతుంది, మాటిమాటికీ వేయకూడదు, వేసిన మూడు నెలల్లోపు ఆపరేషన్ చేస్తే ఇన్ఫెక్షన్ భయం. స్టెమ్‌సెల్స్‌తో, అంటే మూలకణాలతో, కొత్త గుజ్జు పుట్టిస్తామంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఆపరేషన్ చెడ్డదని కాదు. నేను చేసే పనే అది. తొడ ఎముక చివర, కింది కాలి ఎముక పైన సుమారు 8–10 మిల్లీమీటర్లు చెక్కి లోహపు తొడుగులు వేస్తాం, మధ్యలో గట్టి ప్లాస్టిక్ ఉంటుంది. పదిలో ఎనిమిది మోకాళ్లు 25 ఏళ్లు నిలుస్తున్నాయని విదేశాల్లో ఈ ఆపరేషన్ల వివరాలు నమోదు చేసే రిజిస్ట్రీల లెక్క. మరోపక్క, చేయించుకున్న ప్రతి అయిదారుగురిలో ఒకరు అనుకున్నంత సుఖం లేదంటారు, కింద బాసిపట్లు వేసుకు కూర్చోవడం కూడా చాలామందికి కుదరదు. మూడు నెలల తర్వాత కూడా నాలుగడుగులకే ఆగిపోతున్నా, నొప్పికి నిద్ర లేకపోయినా, కాలు వంకర తిరుగుతున్నా అప్పుడు చేయించండి, భయపడి సంవత్సరాలు సాగదీయకండి. కాళ్లు బాగా వంగిపోయాక మాకూ కష్టం, ఆవిడకీ కష్టం. షుగర్, బీపీ ఉన్నాయి కాబట్టి రెండూ ఒకేసారి వద్దనే చెబుతాను, గుండె మీద, ఊపిరితిత్తుల మీద భారం ఎక్కువ. ముందు ఎక్కువ నొప్పి ఉన్నది చేయించి, కోలుకున్నాక రెండోది. హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, 7.5 దగ్గరికి తెచ్చుకుని, పుచ్చిన పళ్లు ఉంటే బాగుచేయించుకుని వెళ్లాలి. మోకాల్లో వేసే ఈ తొడుగుల (ఇంప్లాంట్ల) ధరలకి 2017లో కేంద్రం పరిమితి పెట్టింది. కంపెనీ పేరు, ధర బిల్లులో విడిగా చూపించమనండి, డబ్బా మీది స్టిక్కర్ ఫైల్లో అతికించమనండి.

వీటన్నిటికంటే ముందు చేయాల్సింది ఆ నొప్పి బిళ్లల సంగతి చూడటం. పేరు రాయలేదు, డైక్లోఫెనాక్ లాంటిదైతే షుగర్, బీపీ ఉన్న మనిషి రోజూ మింగడం కిడ్నీలకి, కడుపుకి ప్రమాదం, బీపీ కూడా పెరుగుతుంది. ఆపేసి, అదే మందు జెల్ రూపంలో దొరుకుతుంది, మోకాలికి రాయించండి. బిళ్ల తప్పదనుకుంటే పారాసిటమాల్, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులోనే. ఈ వారంలోనే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించి, వాడిన బిళ్లల స్ట్రిప్‌తో సహా షుగర్ డాక్టర్‌కి చూపించండి. మోకాలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే మాత్రం మూడు నెలల లెక్క పక్కనపెట్టి ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.