వేగంగా పెరుగుతున్న సంస్థలో ఉద్యోగం: గుంటూరు మిర్చి ఎగుమతుల్లో నేను చూసింది

మీ ప్రశ్న సారాంశం ఇది: గుంటూరులో ఒక మిర్చి ఎగుమతి సంస్థ మిమ్మల్ని ఎగుమతి పత్రాల విభాగంలోకి రమ్మంటోంది. కమీషన్ దుకాణంగా మొదలై కొద్ది ఏళ్ళలోనే సొంత కర్మాగారం పెట్టుకున్న సంస్థ. మీకిప్పుడు బ్యాంకులో ఉద్యోగం ఉంది. జీతం తక్కువే, కానీ నిలకడ ఉంది. ఇలాంటి చోట పనిచేసేవాళ్ళకు నచ్చేదేమిటి, విసుగు పుట్టించేదేమిటి అని అడిగారు.

నేను అలాంటి సంస్థలోనే, అదే విభాగంలో పనిచేస్తున్నాను. చేరినప్పుడు మా కార్యాలయం పట్నంబజారులో ఒక మేడ మీద రెండు గదులు. ఇప్పుడు జాతీయ రహదారి పక్కన తొడిమలు తీసే షెడ్లు, కారం మిల్లు, చిన్న ప్రయోగశాల ఉన్నాయి. సంస్థ మంచిదా కాదా అన్నది జీతం అంకె చూసి తేల్చుకోకండి. పని పెరగబోతోందని గ్రహించి ముందే మనుషుల్ని తీసుకుంటున్నారా, ఉన్నవాళ్ళు అలసి కూలబడ్డాక తీసుకుంటున్నారా అన్నది చూడండి. నచ్చడం, నచ్చకపోవడం చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది. మా సంస్థలో రెండు రకాల ఏళ్ళనూ చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు మంచి సంగతి. ఇక్కడ నేర్చుకున్నంత వేగంగా నేను మరెక్కడా నేర్చుకునేదాన్ని కాదు. పెద్ద సంస్థలో అయితే ఒకరు ఇన్వాయిస్ మాత్రమే చూస్తారు, మరొకరు ఓడ బుకింగ్ మాత్రమే చూస్తారు. మా దగ్గర ఒక్క సీజన్‌లోనే ప్యాకింగ్ లిస్టు, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, సుగంధ ద్రవ్యాల బోర్డు పరీక్ష, కస్టమ్స్ షిప్పింగ్ బిల్లు, సరుకు అందుకున్నట్టు ఓడ సంస్థ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ అన్నీ నా చేతి మీదుగా వెళ్ళాయి. పత్రాల వెనకున్న సరుకు కూడా అర్థమైంది. ఐరోపా దేశాలకు పంపే మిర్చిలో అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు దాటకూడదు. కల్లంలో సరిగా ఆరక తేమ మిగిలిన కాయకు బూజు పడుతుంది, ఆ బూజు నుంచే ఈ విషం పుడుతుంది. ఇది తెలిశాక, ఎండలు లేని వారంలో కొన్న లాటును ఐరోపాకు కేటాయిస్తుంటే ఊరుకోలేకపోయాను. ముందు పరీక్షకు పంపుదామని యజమానితో నేరుగా అన్నాను. ఆయన విన్నారు. నాలుగు మెట్ల అధికారులు మధ్యలో ఉన్న సంస్థలో ఆ మాట ఆయన దాకా వెళ్ళేది కాదు.

ఒక మార్చి రాత్రి సంగతి చెబుతాను, ఎందుకంటే ఇలాంటి చోట మనుషులు ఎందుకు నిలబడతారో అప్పుడే నాకు తెలిసింది. తేజ రకం, తొడిమ తీసిన సరుకు, చైనాకు వెళ్ళాలి. కంటైనర్ తెల్లవారకముందే చెన్నై రేవుకు బయలుదేరాలి. చివరి గంటలో చూస్తే బస్తాల మీద ముద్రించిన లాటు సంఖ్య ఒకటి, ధ్రువపత్రంలో ఉన్నది మరొకటి. కొనుగోలుదారు మధ్యలో సంఖ్య మార్చమన్నాడు, ఆ మాట గోదాము దాకా చేరలేదు. హమాలీలు బస్తాలను మళ్ళీ కిందికి దించారు. ఇద్దరు కుర్రాళ్ళు స్టెన్సిల్ రేకు పట్టుకుని నల్లరంగుతో ఒక్కో బస్తా మీద పాత సంఖ్య కొట్టేసి కొత్తది వేశారు. ఘాటుకు అందరి కళ్ళూ ఎర్రబడ్డాయి, ముక్కులకు తుండుగుడ్డలు కట్టుకున్నాం. యజమాని ఇంటికి వెళ్ళలేదు. బస్తాలు లెక్కపెట్టే పుస్తకం తానే పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డారు. మర్నాడు కొనుగోలుదారుతో ఫోనులో మాట్లాడేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ‘ఇకనుంచి పత్రాల విషయం ఈమెతోనే మాట్లాడండి’ అని పరిచయం చేశారు. చేసిన పని చేసిన మనిషి పేరుతోనే లెక్కకు రావడం ఎంత బలాన్నిస్తుందో అనుభవిస్తేనే తెలుస్తుంది. బ్యాంకులో ఉన్నారు కాబట్టి, కొనుగోలుదారు తరఫున బ్యాంకు చెల్లింపుకు హామీ ఇచ్చే లెటర్ ఆఫ్ క్రెడిట్‌లో ఒక్క అక్షరం తేడా వస్తే డబ్బు ఎలా ఆగిపోతుందో మీకు తెలుసు. ఆ జాగ్రత్త మీకు వెంటనే గుర్తింపు తెస్తుంది.

ఇక నచ్చనిది. ఆ మరుసటి సీజన్‌కు ఆర్డర్లు రెట్టింపయ్యాయి, పత్రాలు చూసేది మాత్రం అదే ఇద్దరం. మొదటి ఏడాది ఒక రాత్రి ఇష్టంగా చేసిన పని రెండో ఏడాది రివాజుగా మారింది. జనవరిలో కొత్త పంట దిగడం మొదలైతే ఏప్రిల్ దాకా ఊపిరి సలపదు. మిర్చి మార్కెట్ యార్డుకు లక్ష టిక్కీలకు (బస్తాలకు) పైగా వచ్చే రోజులుంటాయి, ఆ వేడంతా చివరికి మా బల్లల మీదికే వస్తుంది. ఆదివారం సెలవు పోయింది. రాత్రి పదకొండు గంటలకు వాట్సాప్ సమూహంలో సందేశం వస్తే వెంటనే బదులివ్వకపోవడం నేరంలా చూసేవారు. కర్మాగారం నుంచి కొరిటెపాడులో ఉన్న మా ఇంటికి ఆ వేళ రావడానికి ఆటో దొరికేది కాదు. ఆడవాళ్ళందరం కలిసి వెళ్ళి, రాత్రి ఎనిమిది దాటితే ఇంటి దాకా కారు పంపాలని, లేకపోతే ఎనిమిదికే లేచిపోతామని చెప్పాం. కారు పెట్టారు. అడిగితే ఇచ్చారు, అది నిజం. కానీ అడిగేదాకా ఎవరికీ తోచలేదు, అది కూడా నిజం. పెరిగే సంస్థల్లో చాలా కష్టాలు దుర్మార్గం వల్ల రావు. ఆలోచించే బాధ్యత ఎవరికీ అప్పగించకపోవడం వల్ల వస్తాయి. అంతమాత్రాన కష్టం తక్కువ కాదు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది మా పెద్ద గుమస్తా గారి విషయం. ఆయన గుప్పెడు కాయలు తీసుకుని చెవి దగ్గర ఆడిస్తే, గింజల గలగలను బట్టి ఎండిందో లేదో చెప్పేవారు. కాయ విరిచి లోపలి రంగు చూసి, ‘ఇది డీలక్స్ కాదమ్మా, మీడియం బెస్ట్’ అనేవారు. కోల్డ్ స్టోరేజీ సరుకుకూ కొత్త సరుకుకూ తేడా ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. సంస్థ పెరిగాక కొనుగోళ్ళకు బయటినుంచి ఒక మేనేజరును తెచ్చారు. ఆయన చదువుకున్నవాడు, కష్టపడేవాడు, ఆయన్ను తప్పుపట్టను. కానీ గుమస్తా గారికి కొత్త వ్యవస్థలో ఏ స్థానమో ఎవరూ చెప్పలేదు. నిన్నటిదాకా యజమాని పక్కన కుర్చీలో కూర్చున్న మనిషి, కంప్యూటర్‌లో సెలవు దరఖాస్తు పెట్టుకుని మేనేజరు అనుమతి కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. సీజన్ ముగియకముందే మానేశారు. ఆ ఏడాదే తాలు (రంగు పోయిన నాసిరకం) కాయలు ఎక్కువగా వచ్చాయని కొనుగోలుదారుల నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. బయటివాళ్ళను తేవద్దని నేను అనను. ప్రయోగశాలకు, ఆహార భద్రత తనిఖీలకు వాళ్ళు కావాలి. పాతవాళ్ళ చేతి విద్యకు ఒక పదవి, ఒక జీతం, ఒక మాటకు విలువ ముందే రాసిపెట్టకుండా తేవడం మాత్రం అన్యాయం.

జీతం సంగతిలో ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. సంస్థ పెరిగే కొద్దీ చట్టం కొత్త బాధ్యతలు పెడుతుంది. సిబ్బంది 10 మందికి చేరితే ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన ఈఎస్‌ఐ వర్తిస్తుంది, మహిళల ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీ ఉండాలి. 20 మందికి చేరితే పీఎఫ్, 50 మందికి చేరితే పిల్లల సంరక్షణకు ఏర్పాటు. తలల లెక్క ఏడాదిలో మూడింతలైన చోట ఇవి వెనకబడిపోవడం నేను చూశాను. కొందరిని కాంట్రాక్టరు పేరు మీద చూపించి లెక్క తగ్గించే సంస్థలూ ఉన్నాయి. మీకు పీఎఫ్ ఇస్తామంటే దేని మీద కడతారో అడగండి. 15,000 రూపాయల పరిమితి మీదే 12 శాతం కడితే యజమాని వాటా నెలకు 1,800 రూపాయలే, మీ జీతం ఎంతైనా సరే. అలాగే ఈఎస్‌ఐ పరిమితి నెలకు 21,000 రూపాయలు. మా దగ్గర ప్యాకింగ్ విభాగంలో పనిచేసే ఒకామెకు జీతం పెంచగానే ఆ పరిమితి దాటింది. పాత చందాల మీద వచ్చే గడువు ముగిశాక కార్డు పనిచేయలేదు, అప్పుడే ఆమె భర్తకు శస్త్రచికిత్స అవసరమైంది. పెంచిన జీతం ఏ మూలకూ రాలేదు. ఆ తర్వాత అందరం పట్టుబడితే సంస్థ బృంద ఆరోగ్య బీమా తీసుకుంది. మీ విషయంలో అది మొదటి రోజునుంచే ఉండాలి.

వీటన్నిటి తర్వాత కూడా నేనింకా అక్కడే ఉన్నాను. కిందటి సీజన్‌కు ముందు, నవంబరులోనే మా విభాగానికి ముగ్గురిని తీసుకున్నారు. ఫిబ్రవరి వచ్చేసరికి వాళ్ళకు పని చేతికొచ్చింది, ఆదివారాలు తిరిగొచ్చాయి. మేనేజరు మారలేదు, జీతాలు పెద్దగా మారలేదు, అయినా మానేసేవాళ్ళు తగ్గారు.

అందుకే ఇంటర్వ్యూలో జీతం కంటే ముందు, ‘కిందటి సీజన్‌కు ఈ విభాగంలో ఎంతమంది ఉన్నారు, వచ్చే సీజన్‌కు ఎంతమందిని, ఏ నెలలో తీసుకుంటారు?’ అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే రెండో ఏడాది ఆ పనంతా మీ మీదే పడుతుంది. మీ స్థానంలో ఇంతకుముందు ఎవరున్నారో, ఎందుకు మానేశారో కనుక్కోండి. యార్డు దగ్గర టీ దుకాణంలో అడిగినా తెలుస్తుంది, గుమస్తాలు ఏదీ దాచరు. ప్రోత్సాహకం, సీజన్‌లో అదనపు గంటల వేతనం, వారపు సెలవుకు బదులు సెలవు నోటిమాటగా ఉంటే కుదరదు, ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి. గ్రాట్యుటీకి శాశ్వత ఉద్యోగికి 5 ఏళ్ళ నిరంతర సేవ కావాలి, కాబట్టి నియామకం ఎవరి పేరు మీద జరుగుతోందో, సంస్థదా కాంట్రాక్టరుదా అన్నది కూడా ఆ కాగితంలోనే చూసుకోండి.

ఒప్పుకుంటే చేరే తేదీని ఫిబ్రవరి, మార్చిల్లో పెట్టుకోకండి. ఎండాకాలంలో యార్డుకు సెలవులిస్తారు, ఆ రోజుల్లో రద్దీ తగ్గి పాత ఫైళ్ళు తిరగేసే తీరిక దొరుకుతుంది. మే, జూన్‌లలో చేరితే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పడానికి మీ పైవాళ్ళకూ సమయం ఉంటుంది, కొత్త పంట దిగేనాటికి మీకు పని వచ్చేసి ఉంటుంది. ఫిబ్రవరిలోనే వచ్చి చేరాలని వాళ్ళు పట్టుబడితే, మీరు వెళ్ళే కుర్చీలో ఈ మధ్యే ఎవరో హఠాత్తుగా మానేశారేమోనని ఒకసారి అనుమానించి, ఆ విషయం తేలాకే బ్యాంకులో రాజీనామా ఇవ్వండి.