నలుగురు అన్నదమ్ములూ యోహాన్‌లేనా?

ప్రశ్న: మా ఆయనది జర్మనీ. వాళ్ళ పూర్వీకుల గురించి తెలుసుకుందామని పాత చర్చి రిజిస్టర్ల స్కాన్లు ముందేసుకుని కూర్చున్నాం. ఒకే ఇంట్లో నలుగురు మగపిల్లలకీ యోహాన్ అనే రాసుంది. ఇంటిపేరు తండ్రికి మ్యూలర్, కూతురికి మ్యూలరిన్, అమెరికా వెళ్ళిన కొడుక్కేమో మిల్లర్ అంటున్నారు. ఆ చేతిరాత చూస్తేనే టెన్షన్ వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు యోహాన్ సంగతి. బాప్తిస్మంలో మగపిల్లలందరికీ ముందు యోహాన్ తగిలించి, వెనకాల అసలు పేరు పెట్టడం అప్పట్లో చాలాచోట్ల మామూలే. యోహాన్ గేయోర్గ్‌ని ఇంట్లో, ఊళ్ళో పిలిచేది గేయోర్గ్ అనే, పెళ్ళి రిజిస్టర్లో ఒక్కోసారి ఆ పేరొక్కటే కనిపిస్తుంది కూడా, కాబట్టి మీరు రెండో పేరునే పట్టుకోండి. పిలిచే పేరు కింద గీత గీసి ఉంటే మీ అదృష్టం.

మ్యూలరిన్ వేరే ఇంటిపేరు కాదు. ఆడవాళ్ళ ఇంటిపేరు చివర 'ఇన్' చేర్చేవారు, అంతే.

మ్యూలర్‌లో 'యు' మీద రెండు చుక్కలుంటాయి. చుక్కల్లేనప్పుడు 'యు' పక్కన 'ఈ' చేరుస్తారు, కొందరు అదీ చేర్చరు. అందుకే వెతికేటప్పుడు మూడు రకాలుగానూ వెతకండి. అసలు స్పెల్లింగ్‌ని నమ్మొద్దు, పాస్టరు చెవికి ఎలా వినబడితే అలా రాసేవాడు, మైయర్ అన్న ఒక్క పేరుకే బోలెడు రూపాలు.

చేతిరాతకి భయపడకండి. దాన్ని కుర్రెంట్ అంటారు. అందులో 'ఈ' అచ్చం 'ఎన్'లా ఉంటుంది, 'యు'ని గుర్తుపట్టడానికి పైన చిన్న వంపు పెడతారు. మీకు ముందే తెలిసిన పేర్లు వెతికి, వాటిలోంచి ఒక్కో అక్షరం కాగితం మీద దించుకోండి, రెండు పేజీలు దాటాక మీకే అలవాటవుతుంది. తేదీల్లో మాత్రం ఒక గోతి ఉంది: '7బర్' అంటే జులై కాదు, సెప్టెంబర్. లాటిన్లో సెప్టెమ్ అంటే ఏడు కదా, అందుకని. నేనూ మొదట్లో అందులో పడ్డాను.

1876 నుంచి జర్మన్ సామ్రాజ్యమంతటా పుట్టుక, పెళ్ళి, చావు ప్రభుత్వ రిజిస్టర్లలోకి ఎక్కాయి. అంతకు ముందువాటికి చాలా ప్రాంతాల్లో చర్చి పుస్తకాలే దిక్కు.

ఇక మిల్లర్. మ్యూలర్ అమెరికాలో మిల్లర్ కావడం మామూలే, కానీ మ్యూలర్ అంటే పిండిమర నడిపేవాడు, జర్మనీలో అందరికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు అదే. కాబట్టి పేరు కలిసిందని సంబరపడకుండా ఆయన పుట్టిన ఊరు, తేదీ, తల్లి పుట్టింటిపేరు మీ రిజిస్టర్‌తో కలుస్తున్నాయో లేదో చూసుకోండి.