గంగమ్మ జాతరలో కట్టిన చీర

ప్రశ్న: అమ్మా, మాది తిరుపతి, కొర్లగుంట. వయసు 26. పదో తరగతిలో నాకు కామెర్లు వచ్చినప్పుడు, తగ్గితే స్త్రీ వేషం వేయిస్తానని మా అమ్మ గంగమ్మకు మొక్కుకుంది. ఆ ఏడాది జాతరలో తానే చీర కట్టి, పూలు పెట్టి, తాతయ్యగుంట గుడికి నడిపించింది. దారిలో పెద్దవాళ్ళు కూడా దండం పెట్టారు. ఆ తర్వాత కూడా, ఇంట్లో ఎవరూ లేనప్పుడు అప్పుడప్పుడు ఆ చీర కట్టుకుంటున్నాను. మనసు నెమ్మదిస్తుంది. ఈ మధ్య ఒక పుస్తకంలో ఇది ‘లైంగిక వికృతి’ అని, దమనం చేసిన కోరికలే ఇలా బయటపడతాయని మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ చెప్పాడని చదివాను. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. నేను వికృత మనిషినా?

జవాబు: నాయనా, ఆ మాటను తిట్టుగా వాడటం తగదని రాసినవాడు ఫ్రాయిడే. లైంగికతపై 1905లో వెలువరించిన మూడు వ్యాసాల్లో, వికృతి అనదగినది ఎంతో కొంత లేని ఆరోగ్యవంతులే ఉండరన్నాడు. కాలేజీలో ఈ పాఠం చెప్పిన ప్రతి ఏడూ, ఈ వాక్యం దగ్గర తరగతి నిశ్శబ్దమైపోయేది.

నువ్వు చదివిన పుస్తకం అసలు విషయాన్ని తిరగేసింది. దమనమైన కోరిక న్యూరోసిస్‌గా, అంటే కారణం తెలియని భయంగానో, పదే పదే చేతులు కడుక్కోవడంగానో తలెత్తుతుందని ఫ్రాయిడ్ వాదన. వికృతిలో బాహాటంగా కనిపించే కోరికే న్యూరోసిస్‌లో మరుగున ఉంటుంది. అందుకే న్యూరోసిస్ వికృతికి నెగెటివ్ అన్నాడు, పాత ఫొటో ఫిల్ములో తెలుపు నలుపుగా కనిపించినట్టు. దమనమంటే ఒక ఆలోచనను ఎరుకలోకి రాకుండా దూరంగా ఉంచడమని 1915లో రాశాడు. దమనమైనది ఉన్నదని ఆ మనిషికే తెలియదు. నీకు ఆ చీర బీరువాలో ఏ అరలో ఉందో కూడా తెలుసు. నువ్వు చేస్తున్నది దాచుకోవడం. నిన్ను నలిపేస్తున్నదీ అదేనని నాకు అనిపిస్తోంది.

జాతరలో మొక్కు తీర్చుకునేవారిని ఫ్రాయిడ్ లెక్కల్లోకి లాగడం నాకు ఇష్టం లేదు. అది భక్తి. ఆడవాళ్ళను వేధించిన పాలెగాడిని వెతుకుతూ గంగమ్మే రోజుకో వేషం వేసింది, చివరికి దొర వేషంలో వాడిని సంహరించింది. కానీ ఒక్క సంగతి చూడు. అదే చీర, అదే పిల్లవాడు. జాతరలో దండాలు, మిగతా రోజుల్లో తలుపు గడియ. మారింది నువ్వు కాదు, ఊరి కట్టుబాటు.

ఫ్రాయిడ్‌తో నాకు పేచీ కూడా ఇక్కడే. కట్టుబాట్లు మనసును ఎంత నలుపుతాయో 1908లోనే గట్టిగా రాసినవాడు, స్త్రీపురుష సంయోగమే పరిణతికి చివరి మెట్టు అన్న కొలతను మాత్రం వదల్లేదు. ఇప్పటి వైద్యులు వేరే విధంగా చూస్తారు. ఆ అలవాటు నిన్ను బాధపెడుతోందా, ఇష్టంలేని మరొకరికి హాని చేస్తోందా అని అడుగుతారు. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా, సమాజపు నైతిక విలువలకు ఒదగలేదన్న కారణంతో ఎవరినీ మానసిక రోగిగా నిర్ణయించకూడదంటోంది. పైగా నువ్వు రాసింది కోరిక గురించి కాదు, నెమ్మది గురించి. నీ మాటే నేను నమ్ముతాను.

పెళ్ళి సంగతి వేరు. అక్కడ ఇంకొక జీవితం ఉంది. నిశ్చయ తాంబూలాలకు ముందే ఆ అమ్మాయితో విడిగా కూర్చుని, నాకు రాసినంత సూటిగా చెప్పు. కాదంటే ఆమె ఇష్టం, దానికి నొచ్చుకోకు. నిద్ర పట్టనంత భయం ఉంటే ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్ళు. మాన్పిస్తామని డబ్బు అడిగేవారి గడప మాత్రం తొక్కకు.