బొమ్మ చూడకుండా తూకం వెయ్యనివ్వకండి

ప్రశ్న: మా అమ్మమ్మ పోయాక ఆవిడ పెట్టెలో మరచెంబు నిండా వెండి రూపాయలు దొరికాయి, మొత్తం 23. షావుకారుపేటలో ఒక కొట్టుకు తీసుకెళ్తే బొమ్మలైనా చూడకుండా అన్నీ కలిపి తూచి ఒకే రేటు చెప్పారు. ఇచ్చేసి, ఆ డబ్బుకు కొంత కలిపి బ్యాంకులో 8 గ్రాముల బంగారు నాణెం కొందామనుకుంటున్నాను. మా అమ్మాయికి పదేళ్లు, పెళ్లినాటికి ఉంటుందని. రూపాయలు చింతపండుతో తోమి తీసుకెళ్తే ఎక్కువ వస్తుందా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: ముందు ఆ చింతపండు పక్కన పెట్టండమ్మా. ఏటా దీపావళి లక్ష్మీపూజకు మా అమ్మ ఇలాంటి రూపాయలే తోమేది, పక్కన కూర్చుని నేనూ తోమేవాణ్ణి. తళతళలాడేవి. ముప్పై ఏళ్లు బ్యాంకులో నగల తాకట్టు సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాక వాటిని నాణేలు సేకరించే ఒకాయనకు చూపించాను. ఆయన విక్టోరియా రాణి జుట్టు మీద వేలు పెట్టి, "గీతలేవండీ?" అన్నారు. నున్నగా అరిగిపోయాయి. వెండి ధర తప్ప వాటికి ఇంకేమీ రాదన్నారు. ఇప్పటికీ వాటిని చూస్తే మనసు చివుక్కుమంటుంది. మీవి నల్లబడి ఉంటే అలాగే ఉండనివ్వండి.

రాత్రి భోజనాలయ్యాక అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, తెల్లగుడ్డ పరిచి, సంవత్సరాల వారీగా పేర్చండి. విక్టోరియా, ఏడవ ఎడ్వర్డు, అయిదవ జార్జి రూపాయలైతే ఒక్కోటి 11.66 గ్రాములు, నూటికి 91.7 పాళ్లు వెండి. అంటే అసలు వెండి 10.69 గ్రాములు. 1940 నుంచి 1945 దాకా వచ్చిన ఆరవ జార్జి రూపాయి కూడా అంతే తూగుతుంది గానీ సగమే వెండి, 5.83 గ్రాములు. 1947 నాటి పులిబొమ్మ రూపాయిలో వెండే లేదు, నికెలు. అయస్కాంతానికి అతుక్కుంటుంది. ఇవన్నీ కలిపి ఒకే రేటు అన్నారంటే, తక్కువ వెండి ఉన్నదాన్ని బట్టే లెక్క కట్టి ఉంటారు. మంచి రూపాయలు కూడా ఆ ధరకే పోతాయి.

అయిదవ జార్జి రూపాయల్లో 1911 అన్న అంకె కనబడిందా, అక్కడ ఆగండి. భూతద్దం పెట్టి రాజుగారి నిలువుటంగీ మీద చూస్తే చిన్న ఏనుగు ఉంటుంది. ఆ ఏడాది తొండం పొట్టిగా చెక్కారు, జనం కంటికి అది పందిలా కనబడింది. పెద్ద గొడవై సర్కారు ఆ రూపాయల్లో చాలావరకు కరిగించేసింది. 1912లో తొండం దిద్ది కొత్తవి వేశారు. అందుకే 1911 రూపాయిని వెండి ధరకు ఇవ్వకూడదు. ఆరవ జార్జి 1939 రూపాయీ అరుదే, కానీ దానికి దొంగ నాణేలు ఎక్కువ.

అమ్మక తప్పదనుకుంటే 1940 నుంచి 1945 దాకా వచ్చినవి అమ్మండి. మిగతావి వెండి కొట్లలో కాదు, పాత నాణేల వ్యాపారులు ఇద్దరు ముగ్గురికి చూపించాకే ఆలోచించండి.

ఇక బంగారం. బ్యాంకు నాణెం అమ్ముతుంది గానీ తిరిగి కొనదు, రిజర్వు బ్యాంకు నిబంధన అది. "మీరే అమ్మారు కదా సార్!" అని కౌంటర్ దగ్గర ఎంతమంది బాధపడ్డారో. అమ్మాలంటే మళ్లీ నగల కొట్టుకే వెళ్లాలి. కొనేటప్పుడు కట్టిన 3 శాతం జీఎస్టీ, తయారీ ఖర్చు అప్పుడు తిరిగి రావు. అయినా పదేళ్లు ఆగేవారికి నగకన్నా నాణెమే మేలంటాను. ఇప్పుడు తరుగు, మజూరీ కట్టి హారం చేయించి, పెళ్లినాటికి పాత ఫ్యాషనని చెరిపించి మళ్లీ అవే కట్టడం దేనికి? కాసు అంటే మన వాడుకలో 8 గ్రాములే, కానీ నగల కొట్టు ధర 22 క్యారెట్లది కావచ్చు, బ్యాంకు నాణెం మామూలుగా 24 క్యారెట్లది. రెండు రేట్లూ పక్కపక్కన పెట్టేటప్పుడు ఇది చూసుకోండి. సీలు కవరు విప్పకండి, బిల్లు అందులోనే ఉంచండి. అవసరం పడితే బ్యాంకులు అమ్మిన నాణేల మీద 50 గ్రాముల దాకా అప్పు పుడుతుంది, బిస్కెట్ల మీద పుట్టదు.

ప్రశ్న: మా తాతగారి విక్టోరియా రూపాయలు డాలస్‌లో ఉన్న మా అబ్బాయికి పంపవచ్చా?
– ఒక పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: వద్దండీ. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు, దాన్ని దేశం దాటించడం నేరం. విక్టోరియా రూపాయలన్నీ 1901 లోపువే. అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు ఇక్కడే చేతికివ్వండి, చూసుకున్నాక మీ దగ్గరే దాచండి.