నాలుగున్నరకే చీకటి పడే ఊళ్లో మొదటి శీతాకాలం

షికాగోకు కొత్తగా వచ్చిన మనవాళ్లు ఏటా నవంబరు రెండో వారానికల్లా నన్ను అడిగే సందేహం దాదాపు ఒకటే. చదువో ఉద్యోగమో సవ్యంగానే సాగుతోంది, ఇంటి దగ్గర అందరూ కులాసాగానే ఉన్నారు, అయినా పొద్దుగూకేసరికి దేని మీదా మనసు నిలవడం లేదు, అసలు ఇక్కడికి రావడమే పొరపాటేమో అనిపిస్తోంది, ఏం చేయాలి అని. ఇరవై ఏళ్లుగా ఇక్కడ ఉంటున్నవాడిగా నేను ముందుగా చెప్పేదేమిటంటే, సాయంత్రం నాలుగున్నర దాటాక వచ్చే ఆ ఆలోచన మీద ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. మర్నాడు పది గంటలకు కూడా అదే అనిపిస్తే అప్పుడు ఆలోచించవచ్చు.

హైదరాబాదులో డిసెంబరు నెలలోని అతి చిన్న పగలు కూడా సుమారు 11 గంటలుంటుంది. షికాగోలో అది 9 గంటల పైచిలుకు మాత్రమే. పైగా నవంబరు మొదటి ఆదివారం గడియారాలను గంట వెనక్కి జరుపుతారు కనుక, సాయంత్రం చీకటి మెల్లమెల్లగా కాక ఒక్క రోజులో వచ్చి మీద పడుతుంది. మన ఒంటికి పొద్దు తెలిపేది వెలుగే కాబట్టి, అది తగ్గితే కొందరికి నిద్ర, ఆకలి, హుషారు మూడూ గాడి తప్పుతాయి. నార్మన్ రోజెంతాల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1984లోనే దీన్ని ఒక రుగ్మతగా వివరించారు. మనం మాత్రం అంతటినీ ఇంటి మీద బెంగ కింద జమకట్టేస్తాం. బెంగ లేదని అనను, కానీ అందులో కొంత వట్టి వెలుతురు కరువు.

ఈ సంగతి నాకు తెలిసివచ్చింది తెలివితేటలతో కాదు. మొదటి ఏడాది చలికి జడిసి కిటికీ తెరలు దించేసుకుని, శనివారాలు మధ్యాహ్నం ఒంటిగంటకు లేచేవాణ్ణి. స్నానం, భోజనం అయ్యేసరికే మళ్లీ చీకటి. జనవరిలో ఒకనాడు చలికి కారు బ్యాటరీ చచ్చిపోయింది, కొత్తది కొనడానికి జీతం రావాలి. రెండు వారాలు పొద్దున్నే పావుగంట మంచులో నడిచి, తిట్టుకుంటూ బస్సెక్కాను. రెండో వారం చివరికి రాత్రి పదిన్నరకే నిద్ర పట్టడం, మధ్యాహ్నం సరిగ్గా ఆకలి వేయడం గమనించి నేనే ఆశ్చర్యపోయాను. కారు బాగుపడ్డాక కూడా ఆ నడక మానలేదు.

కాబట్టి లేచిన గంటలోపు, కాఫీ గ్లాసు చేతిలో ఉన్నా సరే, కోటు వేసుకుని పావుగంటో అరగంటో బయట తిరగండి. ఆకాశం బూడిదరంగులో ఉన్నా, ఇంట్లోని దీపాలన్నీ కలిపినా రానంత వెలుగు బయట ఉంటుంది. అది వీలుకానివారికి 10,000 లక్సుల (లక్సు అంటే వెలుగును కొలిచే ప్రమాణం) వెలుగునిచ్చే ప్రత్యేక దీపాలు దొరుకుతాయి. పొద్దున అరగంట సేపు దాన్ని ఎదురుగా, కాస్త పక్కకు పెట్టుకుని టిఫిన్ తినవచ్చు, దానివైపే చూస్తూ కూర్చోనక్కరలేదు. కంటి జబ్బులున్నవారు, బైపోలార్ (మనసు అతి హుషారుకూ అతి దిగులుకూ మధ్య ఊగే జబ్బు) ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా వాడకూడదు.

ఆ నడకలోనే ఇంటికి ఫోను చేయడం ఇంకా మంచిది. శీతాకాలంలో మనకూ ఇంటికీ పదకొండున్నర గంటల తేడా కనుక, ఇక్కడ ఉదయం ఎనిమిదంటే అక్కడ రాత్రి ఏడున్నర, అమ్మ వంట ముగించి తీరిగ్గా కూర్చునే వేళ. రాత్రి పూట దిగులుతో చేస్తే అక్కడ తెల్లవారుతుంటుంది. మనం చెప్పి నిద్రపోతాం, ఆవిడ మాత్రం ఆ మాటను రోజంతా మోస్తుంది.

ఇక సాయంత్రాలకు పెద్ద పథకాలేవీ వద్దు. చారు కాచి ఇంగువతో పోపు పెట్టండి, అయితే ముందుగా పొయ్యి మీది ఫ్యాను వేయడం మరవకండి. ఫైర్ అలారం మోగి అపార్ట్‌మెంటంతా మంచులో నిలబడితే పోయిన హుషారు మళ్లీ రాదు. మంచం మీద పడుకుని ఫోనులో స్నేహితుల సంక్రాంతి ముగ్గులు చూడటం మాత్రం మందు కాదు.

మరీ ఉక్కిరిబిక్కిరిగా ఉన్న వారాంతంలో గ్రీన్ లైన్ రైలెక్కి గార్‌ఫీల్డ్ పార్క్ కన్జర్వేటరీకి వెళ్లండి. 1908లో తెరిచిన అద్దాల తోట అది. తలుపు తీసి లోపల అడుగు పెట్టగానే కళ్లద్దాలు ఆవిరితో మసకబారతాయి. వాటిని తుడుచుకునేలోగా తడిమట్టి వాసన తగులుతుంది, ఆ తర్వాత అరటాకు కనిపిస్తుంది. కోటు విప్పి చేతిమీద వేసుకుని ఆ తాటిజాతి చెట్ల కింద నిలబడితే, ఒక్కసారిగా కోనసీమలో ఎవరి పెరట్లోనో దిగినట్టుంటుంది. నేను ఏటా ఫిబ్రవరిలో ఒకసారైనా వెళతాను.

ఇవేవీ పనిచేయక, రెండు వారాలకు మించి దిగులు వదలకపోయినా, చదువూ పనీ సాగకపోయినా డాక్టరును కలవండి. విద్యార్థులకు చాలా యూనివర్సిటీల్లో కౌన్సెలింగ్ ఉంటుంది. ప్రాణం తీసుకోవాలన్న తలపు వస్తే, అర్ధరాత్రయినా సరే, అమెరికాలో ఇందుకోసమే ఉన్న సహాయ నంబరు 988కు ఫోను చేయండి. ఇంట్లో తెలిస్తే పరువు పోతుందని ఆగవద్దు, ఆ ఫోను సంగతి మామూలుగా ఇంటికి ఎవరూ చేరవేయరు.

ఇంకొక్క సంగతి. ఇక్కడ సూర్యుడు అన్నిటికంటే తొందరగా అస్తమించేది డిసెంబరు 21న కాదు, అంతకు పన్నెండు పదమూడు రోజుల ముందే. ఆ నెల రెండో వారం దాటితే సాయంత్రాలు నిమిషం నిమిషంగా పెరగడం మొదలవుతుంది.